తినేది కొన్ని పూటలు, ఖర్చు 24 గంటలూ: శరీరంలో శక్తి లెక్క ఎలా నడుస్తుంది

సంక్షిప్తంగా: ఆహారం శరీరంలోకి విడతలు విడతలుగా వస్తుంది. శక్తి ఖర్చు మాత్రం ఒక్క క్షణం కూడా ఆగదు. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చడమే జీర్ణవ్యవస్థ, కాలేయం, కొవ్వు కణాలు, కణాల లోపల ఉండే మైటోకాండ్రియా అనే చిన్న భాగాలు కలిసి చేసే పని. కొవ్వు కరగడం, మెటబాలిజం మందగించడం, ‘ఎనర్జీ’నిచ్చే విటమిన్లు వంటి మాటల చుట్టూ ఉన్న గందరగోళంలో చాలా భాగం, ఈ ఏర్పాటులో ఏదో ఒక్క దశనే పట్టుకుని మాట్లాడటం వల్ల వచ్చింది.

ఫలానాది తింటే ఒళ్లు వస్తుంది, ఫలానాది మానేస్తే కొవ్వు కరుగుతుంది, ఈ మాత్ర వేసుకుంటే మెటబాలిజం పరుగెడుతుంది. ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి వీడియోలు వరుస కడతాయి. ఒకటి పిండి పదార్థాలే శత్రువులంటుంది, ఇంకొకటి నేరమంతా కొవ్వుదే అంటుంది. రెండూ శాస్త్రం పేరే చెబుతాయి. చూసేవారికి మిగిలేది టెన్షన్.

ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఖర్చు వైపు నుంచి చూడాలి. రోజుకు 2,000 కిలోకేలరీలు ఖర్చు చేసే మనిషి సగటున 97 వాట్ల చొప్పున శక్తి వాడుతున్నట్టు లెక్క. అంటే పాతకాలపు 100 వాట్ల బల్బు ఒకటి రాత్రీ పగలూ వెలుగుతున్నట్టే. నిద్రలో వెలుగు కాస్త తగ్గుతుందేమో గానీ బల్బు ఆరదు. దానికి కరెంటు తీగ కూడా లేదు. రోజుకు రెండు మూడు సార్లు పోసిన ఇంధనంతోనే రోజంతా వెలగాలి. తిండి దొరకకపోతే కొన్ని వారాల పాటు పాత నిల్వ మీద నెట్టుకురావాలి.

పొయ్యితో పోలిక ఎంతవరకు నిలుస్తుంది

ఆహారం శరీరంలో ‘మండుతుంది’ అనే మాట ఊరికే పుట్టలేదు. 1780ల్లో ఫ్రాన్స్‌లో లవోయిజర్, లాప్లాస్ ఒక గినీ పందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు. అది వదిలిన వాయువును బొగ్గు మండినప్పుడు వచ్చే వాయువుతో పోల్చి చూశారు. శ్వాసక్రియ కూడా నెమ్మదిగా సాగే దహనమేనని తేల్చారు. ఆ తర్వాత ఒక శతాబ్దానికి అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్ ఆహార పదార్థాలను కొలిచి లెక్క కట్టాడు. గ్రాము పిండి పదార్థానికి 4, కొవ్వుకు 9, మాంసకృత్తులకు 4 కిలోకేలరీలు. ఈ రోజు ఆహార ప్యాకెట్ల వెనక కనిపించే అంకెల వెనక ఉన్నది ఈ లెక్కే.

ఈ లెక్కలోనే పొయ్యికీ శరీరానికీ ఉన్న మొదటి తేడా దాగి ఉంది. ప్రయోగశాలలో పూర్తిగా మండిస్తే గ్రాము మాంసకృత్తి నుంచి 5.6 కిలోకేలరీలకు పైగా వస్తాయి. శరీరం మాత్రం వాటిలోని నత్రజనిని మండించలేదు. దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది, దాంతో పాటే కొంత శక్తీ పోతుంది.

రెండో తేడా మరీ ముఖ్యం. మంట శక్తినంతా ఒక్కసారిగా వేడిగా వదిలేస్తుంది. వేడితో పని చేయించాలంటే ఒక వైపు బాగా వేడిగా, మరో వైపు చల్లగా ఉండాలి. ఇంజిన్లు నడిచేది అలాగే. శరీరం లోపల అంతటా దాదాపు 37 డిగ్రీలే. అక్కడ వేడి ఒంటిని వెచ్చగా ఉంచడానికి తప్ప కండరాన్ని కదిలించడానికి పనికిరాదు. కాబట్టి శక్తి వేడిగా మారిపోకముందే దాన్ని రసాయన రూపంలో చిన్న చిన్న మెట్లుగా పట్టుకోవాలి.

జీర్ణం: ముక్కలు చేయడం, ఆగి ఆగి వదలడం

జీర్ణక్రియలో శక్తి పుడుతుందని చాలామంది అనుకుంటారు. పుట్టదు, పైగా కొంత ఖర్చవుతుంది. నోట్లో, కడుపులో, చిన్నపేగులో జరిగేదంతా విడగొట్టే పనే. పిండి పదార్థం గ్లూకోజ్ వంటి చక్కెరలుగా, మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా, కొవ్వు కొవ్వు ఆమ్లాలుగా విడిపోతాయి. చిన్నపేగు గోడ మీద వేళ్లలా ఉండే ఆంత్రచూషకాలు వాటిని పీల్చుకుంటాయి.

ఇందులో జీర్ణాశయం చేసే ఒక పని పెద్దగా ఎవరి కంటా పడదు. అది గేటు కాస్తుంది. రక్తం మొత్తంలో ఏ సమయంలో చూసినా ఉండే గ్లూకోజ్ 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. ఒక్క భోజనంలో దానికి పది పదిహేను రెట్లు లోపలికి రావచ్చు. అదంతా ఒకేసారి రక్తంలో కలిస్తే ప్రమాదం. అందుకే జీర్ణాశయం తిన్నదాన్ని కొన్ని గంటల పాటు కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. కొవ్వు, పీచు ఉన్న భోజనం ఇంకా నెమ్మదిగా కదులుతుంది. అదే చక్కెర నీళ్లలా తాగితే ఈ గేటును తొందరగా దాటేస్తుంది. ఎంత పిండి పదార్థం తిన్నామన్నదొక్కటే కాదు, ఏ రూపంలో తిన్నామన్నదీ లెక్కలోకి వస్తుంది.

పేగు దాటాక దారులు చీలతాయి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఒక ప్రత్యేక సిర ద్వారా నేరుగా కాలేయానికి వెళతాయి. మిగతా శరీరానికి ఎంత పంపాలో, ఎంత దాచాలో మొదట చూసేది కాలేయమే. కొవ్వులో ఎక్కువ భాగం ఆ దారిన పోదు. చిన్న చిన్న బిందువులుగా, రక్తనాళాలకు వేరుగా ఉండే శోషరస (లింఫ్) నాళాల్లోకి చేరి, గుండెకు దగ్గరలో రక్తంలో కలుస్తుంది. మన ఎంజైములకు లొంగని పీచు పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అవి దాన్ని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలు తమ శక్తిలో ఎక్కువ భాగం వాటి నుంచే తీసుకుంటాయి.

ఏటీపీ: నోటు మార్చి చిల్లర చేసుకోవడం

కణం గ్లూకోజ్‌ను గానీ కొవ్వును గానీ నేరుగా వాడుకోలేదు. అవి పెద్ద నోట్లు. కండరం బిగుసుకోవడానికి, నరంలో సంకేతం పరుగెత్తడానికి, కొత్త ప్రోటీన్ తయారవడానికి కావలసింది చిల్లర. ఆ చిల్లర పేరు ఏటీపీ. మూడు ఫాస్ఫేట్లు గొలుసుగా ఉన్న ఈ అణువు నుంచి చివరి ఫాస్ఫేట్ విడిపోతే ఒక చిన్న పనికి సరిపడా శక్తి విడుదలవుతుంది.

దీని చరిత్రలో తెలుగువారికి తెలిసిన పేరు ఒకటుంది. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కండరం నుంచి ఏటీపీని వెలికితీశారు. దానికి రెండేళ్ల ముందు, 1927లో, కండరంలోని మరో ఫాస్ఫేట్ నిల్వ అయిన ఫాస్ఫోక్రియాటిన్‌ను కూడా ఫిస్కే, సుబ్బారావు వెల్లడించారు. కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పటిదాకా ఉన్న గట్టి నమ్మకం అక్కడి నుంచి సడలడం మొదలైంది.

ఏటీపీ గురించి ఆశ్చర్యం కలిగించే సంగతి దాని పరిమాణం. ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఉండేది వంద గ్రాములకు అటూ ఇటూగా మాత్రమే. రోజంతటిలో వాడేది మాత్రం దాదాపు మనిషి బరువంత. అంటే ఒక్కో అణువు రోజుకు వందల సార్లు విరిగి, మళ్లీ అతుక్కుంటూ ఉంటుంది. ఏటీపీని దాచుకోవడం కుదరదు, ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాల్సిందే. ఊపిరి కొన్ని నిమిషాలు ఆగితే ప్రాణం మీదికి రావడానికి కారణం ఇదే. ఒంట్లో కిలోల కొద్దీ కొవ్వు ఉన్నా ఆ క్షణంలో అక్కరకు రాదు, ఎందుకంటే కొవ్వును చిల్లరగా మార్చే చోట ఆక్సిజన్ కావాలి.

ఆ చోటు మైటోకాండ్రియా. గ్లూకోజ్ మొదట కణద్రవంలో రెండుగా చీలుతుంది. ఆక్సిజన్ అవసరం లేని ఈ దశలో నికరంగా మిగిలేది 2 ఏటీపీలే. ఆ ముక్కలు, కొవ్వు ఆమ్లాల నుంచి వచ్చే ముక్కలు, కొన్ని అమైనో ఆమ్లాల అవశేషాలు అన్నీ మైటోకాండ్రియాలో ఒకే చక్రంలోకి చేరతాయి. ఈ చక్రాన్ని 1937లో హాన్స్ క్రెబ్స్ వివరించాడు. ఇక్కడే కార్బన్ డయాక్సైడ్ బయటపడుతుంది, ఎలక్ట్రాన్లు చేతికొస్తాయి.

ఆ ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో మెట్టు మెట్టుగా కిందికి దిగుతాయి. దిగే ప్రతి చోటా వచ్చిన శక్తితో ప్రోటాన్లు పొరకు అవతలి వైపుకు తోసివేయబడతాయి. ఆనకట్ట వెనక నీళ్లు నిలిచినట్టు అక్కడ ప్రోటాన్లు పోగవుతాయి. అవి తిరిగి లోపలికి రావడానికి ఉన్న ప్రధాన దారి ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్. ప్రోటాన్లు దాని గుండా వస్తుంటే అది నిజంగానే గిర్రున తిరుగుతుంది, ఆ తిరుగుడుతో ఏటీపీ తయారవుతుంది. పీటర్ మిచెల్ 1961లో ఈ ఆనకట్ట ఊహను బయటపెట్టినప్పుడు చాలామంది జీవరసాయనవేత్తలు ఒప్పుకోలేదు. 1978లో అతనికి నోబెల్ వచ్చింది. తిరిగే యంత్రం గుట్టు విప్పినందుకు 1997లో పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు దక్కింది. మొత్తం మీద ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి. పాత పాఠ్యపుస్తకాల్లో ఉన్న 36, 38 అంకెలను ఇప్పుడు ఎక్కువ అంచనాలుగా చూస్తున్నారు.

మరి ఆక్సిజన్ పాత్ర ఎక్కడ? అన్నిటికన్నా చివర. మెట్లు దిగి అలసిన ఎలక్ట్రాన్లను అందుకుని అది నీరుగా మారుతుంది. అంటే పీల్చిన ఆక్సిజన్ నేరుగా కార్బన్ డయాక్సైడ్ కావడం లేదు. బడిలో నేర్చుకున్న ఒకే వరుస సమీకరణంలో ఈ సంగతి కనపడదు. సైనైడ్ విషం పనిచేసేది సరిగ్గా ఈ చివరి మెట్టు దగ్గరే. ఇంధనం ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది, రెండూ కలవవు.

ఆనకట్టకు గండి పెడితే ఏమవుతుందో కూడా తెలుసు. 1930ల్లో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని బరువు తగ్గే మందుగా అమ్మారు. అది ప్రోటాన్లను సింథేజ్‌తో పని లేకుండా పొర దాటిస్తుంది. ఇంధనం విపరీతంగా ఖర్చవుతుంది, ఏటీపీ రాదు, శక్తంతా వేడిగా పోతుంది. బరువు తగ్గిన మాట నిజం. ఒళ్లు కాలిపోయి మనుషులు చనిపోయారన్నదీ నిజం. 1938లో అది మనుషుల వాడకానికి పనికిరాదని అక్కడ తేల్చేశారు. ‘మెటబాలిజం పెంచే’ మాత్రల ప్రకటనలు చూసినప్పుడు ఈ ఉదంతం గుర్తుంచుకోదగ్గది. పసిపిల్లల్లో గోధుమరంగు కొవ్వు ఇదే పని చేస్తుంది గానీ, అదుపులో, చలి నుంచి కాపాడటానికి చేస్తుంది.

పూటకూ పూటకూ మధ్య

భోజనం అయ్యాక రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. క్లోమం ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఇన్సులిన్ అంటే ‘ఇప్పుడు ఉంది, దాచండి’ అనే సందేశం. కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటాయి. కాలేయం, కండరాలు దాన్ని గ్లైకోజెన్‌గా, అంటే గ్లూకోజ్ అణువుల గొలుసులుగా పేర్చుకుంటాయి. కొవ్వు కణాలు తమ నిల్వను బయటికి వదలడం ఆపుతాయి.

‘పిండి పదార్థం తింటే కొవ్వు కరగదు’ అనే ప్రచారం ఈ చివరి వాక్యం దగ్గర ఆగిపోతుంది. ఆ రెండు మూడు గంటలు కొవ్వు విడుదల తగ్గడం నిజమే. ఆ వేళకు తిన్న గ్లూకోజే ఖర్చవుతోంది కాబట్టి కొవ్వు అవసరం లేదు. ఇన్సులిన్ తగ్గాక మళ్లీ కొవ్వు వంతు వస్తుంది. రోజు మొత్తం మీద తిన్నదెంత, ఖర్చయినదెంత అన్న తేడాయే నిల్వ పెరిగిందా తగ్గిందా అన్నది తేలుస్తుంది.

తిన్న కొన్ని గంటలకు గ్లూకగాన్ అనే హార్మోన్ పైచేయి అవుతుంది. కాలేయం దాచిన గ్లైకోజెన్‌ను విప్పి గ్లూకోజ్‌గా రక్తంలోకి వదులుతుంది. కాలేయంలో ఉండేది దాదాపు 100 గ్రాములు. కండరాలన్నిట్లో కలిపి 400 గ్రాముల దాకా ఉంటుంది గానీ దాన్ని అవి రక్తంలోకి ఇవ్వలేవు. గ్లూకోజ్‌ను బయటికి పంపే ఎంజైము వాటికి లేదు. అది సొంత వాడకానికే. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ తీసుకుంటుంది. అంటే కాలేయం నిల్వ ఒక్క రోజుకు కూడా చాలదు.

మరి కొవ్వు? ఇక్కడే శరీరానికి ఒక పెద్ద ఇబ్బంది ఉంది. గ్లూకోజ్‌ను కొవ్వుగా మార్చగలదు గానీ కొవ్వు ఆమ్లాలను చెప్పుకోదగ్గ స్థాయిలో తిరిగి గ్లూకోజ్‌గా మార్చలేదు. మధ్యలో ఒక రసాయన చర్య ఒకే వైపు తిరిగే తలుపులాంటిది. గుండె, కండరాలు కొవ్వుతో సరిపెట్టుకుంటాయి. ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియాయే లేవు, వాటికి గ్లూకోజ్ తప్ప గతి లేదు. మెదడు కొవ్వు ఆమ్లాలను ఇంధనంగా తీసుకోదు. కాబట్టి ఉపవాసం సాగుతున్న కొద్దీ కాలేయం కండరాల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలతో కొత్త గ్లూకోజ్ తయారు చేస్తుంది. ఇదే ఆగకుండా సాగితే కండరాలు తొందరగా హరించుకుపోతాయి.

అలా కాకుండా కాపాడేవి కీటోన్లు. కాలేయం కొవ్వు ఆమ్లాలను కీటోన్లుగా మారుస్తుంది, వాటిని మెదడు వాడుకోగలదు. 1960ల్లో జార్జ్ కాహిల్ బృందం వారాల తరబడి ఉపవాసంలో ఉన్నవారిని వైద్య పర్యవేక్షణలో పరిశీలించింది. అలాంటి స్థితిలో మెదడు తన అవసరంలో సుమారు మూడింట రెండు వంతులు కీటోన్ల నుంచే తీర్చుకుంటుందని తేలింది.

ఇంత ఇబ్బంది ఉన్నా నిల్వకు కొవ్వునే ఎందుకు ఎంచుకోవాలి? బరువు లెక్క వేస్తే జవాబు దొరుకుతుంది. 12 కిలోల కొవ్వులో 1,08,000 కిలోకేలరీలు ఉంటాయి. అంతే శక్తి గ్లైకోజెన్‌గా దాచాలంటే 27 కిలోలు కావాలి. గ్లైకోజెన్ తన బరువుకు దాదాపు మూడు రెట్ల నీటిని పట్టుకుని ఉంటుంది, అది మరో 81 కిలోలు. మనిషి నడవలేడు. పిండి పదార్థాలు బాగా తగ్గించిన మొదటి వారంలో బరువు గబగబా ఒకటి రెండు కిలోలు దిగడానికి కారణం కూడా ఈ నీరే. మళ్లీ మామూలుగా తింటే అది తిరిగి వచ్చేస్తుంది.

పరుగెత్తినప్పుడు ఇదే కథ సెకన్లలో జరుగుతుంది. మొదటి పది సెకన్లకు ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటుంది. ఆ తర్వాత గ్లైకోజెన్ వేగంగా చీలుతుంది, ఆక్సిజన్ సరఫరా పుంజుకునేదాకా లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం శరీరంలో ఉండే రూపం) పోగవుతుంది. లాక్టేట్‌ను చెత్తగా చూడటం పాత అలవాటు. నిజానికి గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది. కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజ్‌గా మార్చి కండరానికి పంపుతుంది. కార్ల్, గెర్టీ కోరి దంపతులు వివరించిన చక్రం ఇది. వ్యాయామం చేసిన మర్నాడు వచ్చే ఒంటి నొప్పులకు లాక్టేట్ కారణం కాదు, గంటా రెండు గంటల్లోనే అది సర్దుకుంటుంది.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుంది

చెమటగా, వేడిగా, మలంలో అని రకరకాల జవాబులు వినిపిస్తాయి. 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ లెక్క వేసి ప్రచురించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఆక్సీకరణ చెందితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతుంది, 1.6 కిలోలు నీరవుతుంది. అంటే కొవ్వు బయటికి పోయే ప్రధాన దారి ఊపిరితిత్తులు. అలాగని గబగబా ఊపిరి పీల్చి వదిలితే బరువు తగ్గదు, తల తిరుగుతుంది. కణాల్లో పని పెరిగితేనే కార్బన్ డయాక్సైడ్ కొత్తగా తయారవుతుంది. చెమటతో తగ్గే బరువు నీళ్లు తాగేదాకానే.

మెటబాలిజం మీద నిందలు

రోజువారీ ఖర్చులో 60 నుంచి 70 శాతం కదలకుండా కూర్చున్నా అయ్యేదే. తిన్నదాన్ని అరిగించి సర్దుకోవడానికి 10 శాతం దాకా పోతుంది. మాంసకృత్తులకైతే వాటిలోని శక్తిలోనే 20 నుంచి 30 శాతం ఇలా పోతుంది, కొవ్వుకు చాలా తక్కువ. మిగిలింది కదలికలది. విశ్రాంతిలో ఎక్కువ ఖర్చు చేసేవి మెదడు, కాలేయం, గుండె, మూత్రపిండాలు. కిలో కండరం ఊరికే ఉన్నప్పుడు రోజుకు 13 కిలోకేలరీలే తీసుకుంటుంది. కండ పెంచితే కూర్చున్నా కొవ్వు కరిగిపోతుందనే మాటలో అతిశయోక్తి ఎంతో ఈ అంకె చెబుతుంది. కండ వల్ల లాభాలు వేరే ఉన్నాయి, భోజనం తర్వాత గ్లూకోజ్‌ను పట్టి ఉంచడం అందులో పెద్దది.

ముప్ఫై దాటాక మెటబాలిజం పడిపోతుందన్న నమ్మకమూ అంతే. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల కొలతలతో 2021లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా శక్తి ఖర్చు దాదాపు నిలకడగా ఉంటుంది. 60 దాటాక ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. అందరికన్నా ఎక్కువ ఖర్చు ఏడాది పిల్లలది, అదే లెక్కన పెద్దలకన్నా 50 శాతం అదనం.

విటమిన్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. వాటిలో శక్తి లేదు. బీ1, బీ2, బీ3, బీ5 పైన చెప్పిన చక్రాల్లో ఎంజైములకు పనిముట్లు. లోపిస్తే పని కుంటుపడి నీరసం వస్తుంది. సరిపడా ఉన్నవారు ఇంకా వేసుకుంటే చక్రం వేగంగా తిరగదు. కెఫీన్ చేసేది ఇంకో రకం పని. అలసటను తెలిపే అడినోసిన్ సందేశం మెదడుకు అందకుండా అడ్డుపడుతుంది, అంతేగానీ చిల్లర పెంచదు.

ఆదేశం చేరనప్పుడు

ఇన్సులిన్ లేకపోతే ఈ ఏర్పాటు ఎలా కూలుతుందో టైప్ 1 మధుమేహం చూపిస్తుంది. రక్తం నిండా గ్లూకోజ్ ఉంటుంది, శరీరం మాత్రం ఆకలితో ఉన్నట్టే నడుచుకుంటుంది. కాలేయం ఇంకా గ్లూకోజ్ తయారు చేస్తుంది, కొవ్వు అదుపు లేకుండా విడుదలవుతుంది, కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వేరుచేసి మరుసటి ఏడాది రోగులకు ఇవ్వడం మొదలయ్యేదాకా ఇది ప్రాణాంతకమే.

టైప్ 2లో ఇన్సులిన్ ఉంటుంది గానీ కణాలు దాని మాట సరిగా వినవు. రాత్రి తేలికగా తిన్నా, అసలే తినకపోయినా పొద్దున్నే షుగర్ ఎక్కువ చూపించడం చాలామందికి అంతుపట్టదు. ఆ గ్లూకోజ్ రాత్రి భోజనంలోది కాదు. ఆపమన్న ఆదేశం సరిగా అందక కాలేయం రాత్రంతా వదిలినది. మధుమేహానికి మొదటి మందుగా విరివిగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా తగ్గించేది కాలేయం నుంచి వచ్చే ఈ గ్లూకోజ్‌నే.